వేరే రాష్ట్రంలో ఉద్యోగం: ఊళ్ళో ఉండగానే ఖాయం చేసుకోవడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

"ముందు వచ్చెయ్, వచ్చాక చూద్దాం." ఈ ఒక్క ఫోను మాట నమ్మి రైలెక్కిన కుర్రవాడు పదిహేను రోజులు గేట్ల చుట్టూ తిరుగుతాడు. తెచ్చుకున్న డబ్బు అయిపోతుంది. ఆ తర్వాత ఎంత ఇస్తామంటే అంతకు ఒప్పుకుంటాడు. జేబు ఖాళీ అయ్యాక జీతం గురించి బేరమాడే శక్తి ఎవరికీ ఉండదు.

అందుకే టికెట్టు కొనే ముందు మూడు మీ చేతిలో ఉండాలి: చేరే తేదీ రాసి ఉన్న నియామక పత్రం, ఆ సంస్థ నిజమైనదేనని మీరే సరిచూసుకున్న ఆధారం, 45 రోజుల ఖర్చు. ఈ మూడూ సమకూర్చుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కేటాయించుకోండి. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ, ఫార్మసీ, నర్సింగ్ చదివినవారికి ఈ క్రమం సరిపోతుంది. మేస్త్రి వెంట వెళ్ళేవారికి 8వ భాగం వేరుగా ఉంది.

1. ముందు పని, తర్వాత ఊరు

చాలామంది "చెన్నై వెళ్తాను" అని మొదలుపెడతారు. మీ పని ఎక్కడ ఎక్కువగా దొరుకుతుందో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

- ఫిట్టర్, వెల్డర్, మెకానికల్ డిప్లొమా: చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు, ఒరగడం, కర్ణాటక సరిహద్దులో హోసూరు, పుణె దగ్గర చాకన్.
- సీఎన్‌సీ, వీఎంసీ ఆపరేటర్లు: బెంగళూరులో పీణ్య, బొమ్మసంద్ర, జిగణి.
- మందుల కంపెనీల ప్రొడక్షన్, క్వాలిటీ పనులు: హైదరాబాదు చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, గుజరాత్‌లో అంకలేశ్వర్, వాపి. పైడిభీమవరంలో రెండేళ్ళు షిఫ్టు చేసినవారికి ఇక్కడ నేరుగా విలువ ఉంటుంది.
- నర్సింగ్: హైదరాబాదు, బెంగళూరు, చెన్నై.

భాష కూడా లెక్కలోకి తీసుకోండి. హోసూరులో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. పుణె, గుజరాత్ వైపు హిందీ రాకుండా వెళ్తే మొదటి ఆరు నెలలు కష్టం.

రెండు చోట్లకు మించి ఎంచుకోకండి. ఆరు ఊళ్ళకు ఒకే బయోడేటా పంపితే ఏ ఊరి సంగతీ మీకు సరిగా తెలియదు. ఫోనులో అది అవతలివారికి తెలిసిపోతుంది.

2. కాగితాలన్నిటిలో పేరు ఒకటేనా?

ఉద్యోగం వచ్చాక కూడా జీతం, పీఎఫ్ ఆగిపోవడానికి మనవాళ్ళ దగ్గర తరచుగా కనిపించే కారణం ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పేరు చివరికి వెళ్ళిపోతుంది. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఒప్పుకోరు, పూర్తిగా రాయాలి. కంప్యూటరుకు ఈ నలుగురూ వేర్వేరు మనుషులు.

చేయాల్సింది ఈ వరుసలో:

1. పదో తరగతి మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి, నాలుగింటిలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఒక కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు రాయండి.
2. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్ సరిచేయించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. ఫారంలో అక్షరాలు రెండుసార్లు చదివి గానీ ఒప్పుకోకండి.
3. ఆ తర్వాత పాన్, చివర బ్యాంకు. ఈ వరుస తప్పితే మళ్ళీ మొదటికి వస్తారు.
4. ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న మొబైల్ నంబరే జతచేయించండి. వేరే రాష్ట్రం వెళ్ళాక ఓటీపీ నాన్నగారి పాత నంబరుకు వెళ్తుంటే ఏ పనీ జరగదు.

ఇంతకుముందు పైడిభీమవరంలోనో బొబ్బిలిలోనో పనిచేసి ఉంటే మీకు పీఎఫ్ యూఏఎన్ నంబరు (ఎన్ని సంస్థలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ సభ్యుడి గుర్తింపు నంబరు) ఉండే ఉంటుంది. దానిలో పాత సంస్థ నుంచి వెళ్ళిపోయిన తేదీ నమోదైందో లేదో చూడండి. నమోదు కాకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ సభ్యుల పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. కొత్త సంస్థలో రెండో యూఏఎన్ తీసుకోకండి, పాతదే ఇవ్వండి.

కొన్ని వృత్తుల్లో నమోదు రాష్ట్రానికి సంబంధించినది. నర్సులు, ఫార్మసిస్టులు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని వెళ్ళే రాష్ట్రపు కౌన్సిల్లో నమోదు కావాలి. దీనికి వారాలు పడుతుంది కాబట్టి ఉద్యోగం వచ్చాక చూద్దామని ఆగకండి. డ్రైవింగ్ లైసెన్సుకు ఈ చిక్కు లేదు, దేశమంతా చెల్లుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- పది, ఇంటర్ లేదా ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ మార్కుల జాబితాలు, ప్రొవిజనల్
- పాత సంస్థ అనుభవ పత్రం, చివరి మూడు నెలల జీతం చీటీలు
- ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ
- పాస్‌పోర్టు సైజు ఫోటోలు 12
- ఇవన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, ఒక్కోటి 500 కేబీ లోపు, ఫైలు పేరులో మీ పేరుతో

3. బయోడేటా ఒక్క పేజీ

"కష్టపడి పనిచేస్తాను" లాంటి మాటలు తీసేయండి. యంత్రం, పరిమాణం, ఎంతకాలం అన్నవే రాయండి.

మందుల కంపెనీ నుంచి వెళ్తుంటే ఏ రియాక్టర్లు (గ్లాస్‌లైన్డా, స్టెయిన్‌లెస్ స్టీలా), ఎన్ని కిలోలీటర్లవి, సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్ వాడారా, తనిఖీ బృందాలు వచ్చినప్పుడు మీ బ్లాకులో ఉన్నారా అన్నది రాయండి. క్వాలిటీ అయితే హెచ్‌పీఎల్‌సీ, జీసీ మీద ఎన్ని నెలలు చేశారు. వెల్డర్ అయితే ఆర్కా, మిగ్గా, టిగ్గా, ఏ పొజిషన్ వరకు. సీఎన్‌సీ అయితే ఫానుక్ కంట్రోలరా, సీమెన్స్‌దా, సెట్టింగ్ వచ్చా లేక ఆపరేటింగ్ మాత్రమేనా.

చిరునామా దగ్గర చెన్నైలో బంధువుల ఇంటి అడ్రసు రాసే అలవాటు ఒకటుంది. రాయకండి. మర్నాడే ఇంటర్వ్యూకు రమ్మంటే దొరికిపోతారు. మీ ఊరే రాసి, దాని కిందే "10 రోజుల్లో చేరగలను" అని రాయండి.

4. ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

ముందు కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్ (జాతీయ ఉద్యోగాల సేవ) పోర్టల్, మన రాష్ట్ర నైపుణ్యం పోర్టల్, జిల్లా ఉపాధి కార్యాలయంలో నమోదు. వీటిలో డబ్బు కట్టే పని లేదు. తర్వాత కంపెనీల సొంత వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీలు. ఆ తర్వాతే నౌకరీ, అప్నా, లింక్డ్‌ఇన్ వంటివి. అప్రెంటిస్ అవకాశాలకు కేంద్రానికి వేరే పోర్టల్ ఉంది. అప్రెంటిస్‌కు ఇచ్చేది స్టైపెండ్, దానికి పీఎఫ్ ఉండదు. అది తెలిసే దరఖాస్తు చేయండి.

అన్నిటికంటే పనికొచ్చేది ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న మన ఊరివాడు. అయితే "నాకో పని చూడన్నా" అని అడిగితే మంచి మాట తప్ప మరేమీ దొరకదు. ఇలా అడగండి:

- "అన్నా, మీ గేటు మీద బోర్డు ఏ పేరుతో ఉంది? మీ జీతం చీటీ మీద ఏ పేరుంది?" (రెండూ వేరైతే అతను కాంట్రాక్టరు కింద ఉన్నట్టు.)
- "డ్యూటీ ఎనిమిది గంటలా, పన్నెండా?"
- "పోయిన నెల జీతం ఏ తేదీన పడింది?"
- "మీ హెచ్ఆర్ మెయిల్ ఐడీ ఇస్తావా?"

జాబ్ మేళాలకు వెళ్ళండి, కానీ బల్ల దగ్గర మొదటి ప్రశ్న ఇదే కావాలి: "కంపెనీ రోల్స్ మీదా, థర్డ్ పార్టీనా?" బ్యానర్ మీద పెద్ద కంపెనీ పేరు ఉన్నా, ఎంపిక చేసేది మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ కావచ్చు. అది తప్పేమీ కాదు. ఎవరి దగ్గర చేరుతున్నామో తెలియకుండా చేరడమే తప్పు.

ఒక నోటు పుస్తకంలో రోజూ రాయండి: సంస్థ, ఊరు, మాట్లాడినవారి పేరు, నంబరు, తేదీ, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు చేయాలి. రోజుకు ఐదు దరఖాస్తులు, రెండు ఫోన్లు చాలు. వారం దాటినా జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

5. ఫోను ఇంటర్వ్యూ

దూరం నుంచి వచ్చేవారి విషయంలో హెచ్ఆర్ వారికి రెండు అనుమానాలు: వస్తానని రాడేమో, వచ్చినా సంక్రాంతికి వెళ్ళి తిరిగి రాడేమో. వారు అడగకముందే మీరే చెప్పండి. ఎక్కడ ఉండబోతున్నారో, ఆ ఊళ్ళో తెలిసినవారు ఎవరున్నారో, ఎన్ని రోజుల్లో చేరగలరో, పండక్కి ఎన్ని రోజుల సెలవు కావాలో సూటిగా చెబితే సగం భయం పోతుంది.

వీడియో ఇంటర్వ్యూ అయితే ముందురోజే సిగ్నల్ చూసుకోండి. ఇంట్లో సరిగా రాకపోతే మండల కేంద్రంలో తెలిసినవారి గది అడగండి. బస్టాండులో నిలబడి మాట్లాడొద్దు.

నేరుగా రమ్మంటే ఒక్క ఇంటర్వ్యూ కోసం వెళ్ళకండి. "ఆ వారంలో ఆ ఊళ్ళోనే ఉంటాను" అని మిగతా సంస్థలకూ చెప్పి, రెండు మూడు ఒకే ప్రయాణంలో కుదుర్చుకోండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, మనకు అంత గడువు దొరకదు కాబట్టి తత్కాల్ మీద ఆధారపడాల్సి వస్తుంది. బండి బయల్దేరే ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. శ్రీకాకుళం రోడ్డులో (ఆమదాలవలసలో) దొరకకపోతే విజయనగరం, విశాఖపట్నం నుంచి బయల్దేరే బండ్లు కూడా చూడండి.

6. సంస్థ నిజమేనా? అరగంట పని

ఈ అరగంటను ఎవరి మాట మీదా వదిలేయకండి, మేనమామ చెప్పినా సరే.

1. జీఎస్‌టీ నంబరు అడగండి. అది 15 అక్షరాలది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తమిళనాడు 33, కర్ణాటక 29, తెలంగాణ 36, గుజరాత్ 24, మహారాష్ట్ర 27. జీఎస్‌టీ పోర్టల్‌లో కొడితే సంస్థ పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా అన్నది వస్తుంది. ఫ్యాక్టరీ ఒరగడంలో అంటూ 33తో మొదలుకాని నంబరు ఇస్తే ఎందుకని అడగండి.

2. పీఎఫ్ కడుతున్నారా చూడండి. ఈపీఎఫ్‌వో (పీఎఫ్ చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైటులో సంస్థల వెతుకులాట పేజీ అందరికీ తెరిచే ఉంటుంది. సంస్థ పేరు కొడితే ఏ నెలకు ఎంత కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నది కనిపిస్తుంది. "మా దగ్గర 300 మంది" అన్నచోట 18 మందికే కడుతుంటే, మిగిలినవారు కాంట్రాక్టరు కిందైనా ఉండాలి, పీఎఫ్ లేకుండానైనా ఉండాలి. ఈ పరీక్ష చేసేవారు తక్కువ. అన్నిటిలో నమ్మదగినది ఇదే.

3. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పేరు ఉందో లేదో చూడండి.

4. మెయిల్ ఎక్కడి నుంచి వచ్చింది? పెద్ద కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్ మామూలు జీమెయిల్ నుంచి వస్తే, ఆ కంపెనీ అసలు వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోను చేసి అడగండి. లెటర్‌లో ఇచ్చిన నంబరుకు చేయకండి, ఆ మనిషే ఎత్తుతాడు.

5. డబ్బు అడిగితే అక్కడితో ఆపండి. రిజిస్ట్రేషన్, యూనిఫాం డిపాజిట్, మెడికల్, ల్యాప్‌టాప్ కొరియర్, "తిరిగి ఇచ్చే" సెక్యూరిటీ, ఏ పేరుతో అడిగినా సరే. ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి ఆలస్యం చేయకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

7. చెప్పిన జీతం, చేతికొచ్చే జీతం

"నెలకు 20,000" అన్నది సీటీసీ (మీ కోసం సంస్థ పెట్టే మొత్తం ఖర్చు) అయితే లెక్క సుమారు ఇలా ఉంటుంది. ఉదాహరణకు బేసిక్ 12,000, ఇతర భత్యాలు 5,000, మొత్తం 17,000. సీటీసీలో మిగతా 3,000 మీ చేతికి రాదు: యజమాని వాటా పీఎఫ్ 1,440, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) 3.25 శాతం చొప్పున 553, ఇంకో వెయ్యి బోనస్, గ్రాట్యుటీ కింద.

ఆ 17,000లోనూ మీ వాటా పీఎఫ్ 12 శాతం 1,440, ఈఎస్ఐ 0.75 శాతం 128 పోతాయి. మిగిలేది 15,432. హాస్టల్‌కు 1,500, క్యాంటీను, బస్సుకు 1,200 కోస్తే 12,732. ఇంటి దగ్గర ఉండి, ఇంటి తిండి తిని, 13,000 తెచ్చుకుంటున్నవారికి ఇది లాభం కాదు. పని నేర్చుకోవడానికే వెళ్తున్నాం అనుకుంటే మాత్రం వెళ్ళవచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది: ఆ జీతం ఎనిమిది గంటలకా, పన్నెండు గంటలకా? రోజూ నాలుగు గంటల ఓటీ (అదనపు గంటల పని) కలిపి జీతంగా చెప్పేవారు ఉన్నారు. ఫ్యాక్టరీలో ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలి.

ఆఫర్ లెటర్‌లో వేలు పెట్టి చదవాల్సినవి:

- యజమాని పేరు (కంపెనీయా, కాంట్రాక్టరా)
- పని ఊరు, చేరే తేదీ, హోదా
- బేసిక్ ఎంత, కోతలు ఏవి, జీతం ఏ తేదీకి
- ప్రొబేషన్ ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని రోజులు
- బాండ్ ఉందా, మానేస్తే ఎంత కట్టాలి
- ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామన్నారా

చివరిదానికి ఒప్పుకోకండి. చూపించి వెనక్కి తీసుకోవడం వేరు, వారి బీరువాలో పెట్టడం వేరు. "లెటర్ చేరాక ఇస్తాం" అంటే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరని మర్యాదగా చెప్పండి. అదీ కాదంటే కనీసం కంపెనీ మెయిల్ నుంచి జీతం, తేదీ, ఊరు రాసి పంపమనండి.

8. మేస్త్రి వెంట వెళ్ళేవారికి

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వారే. మీరు ఏ సైటులో ఉన్నారో ఇంట్లో తెలిసి ఉండాలన్నది అందుకే.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద రాయించుకోండి: మేస్త్రి పేరు, అతనికి పని ఇచ్చిన కాంట్రాక్టరు పేరు, కట్టిస్తున్న కంపెనీ పేరు, సైటు చిరునామా, రోజు కూలి, ఓటీ రేటు, వారం ఖర్చులకు ఎంత ఇస్తారు, లెక్క ఎప్పుడు తేలుస్తారు. అడ్వాన్సు తీసుకుంటే ఎంత, ఏ విధంగా కోస్తారు. మేస్త్రి సంతకంతో ఒక ప్రతి ఇంట్లో, దాని ఫోటో మీ ఫోనులో.

ఈ-శ్రమ్ కార్డు లేకపోతే ఇక్కడే చేయించుకోండి, 16 నుంచి 59 ఏళ్ళ వారికి ఇస్తారు. రోజూ ఎన్ని గంటలు చేశారో చిన్న పుస్తకంలో రాసుకోండి. గొడవ వచ్చినప్పుడు మీ పక్షాన మాట్లాడేది ఆ పుస్తకమే.

9. డబ్బు, బస, రేషన్

మొదటి జీతానికి 45 రోజులు పట్టవచ్చు. నెల 22న చేరితే ఆ నెలలో మిగిలిన రోజుల జీతం పై నెలలో కలిపే సంస్థలు ఉన్నాయి. వీలైతే 1వ తేదీన గానీ 2న గానీ చేరేట్టు అడగండి.

పంచుకునే గదికి ఒక లెక్క: నెలన్నర అద్దె వాటా 3,750, అడ్వాన్సు వాటా 5,000, తిండి రోజుకు 150 చొప్పున 6,750, బస్సు చార్జీలు 1,800, చాప, దుప్పటి, బకెట్టు 1,500, తిరుగు టికెట్టుకు 1,000. మొత్తం 19,800. కంపెనీ హాస్టల్ ఉంటే సగంతో సరిపోతుంది. తిరుగు టికెట్టు డబ్బు మాత్రం వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోకండి.

బెంగళూరు, చెన్నైలలో ఇంటికి చాలా నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. మొదటి నెల పంచుకునే గదిలోనో పీజీలోనో ఉండి, ఉద్యోగం కుదురుకున్నాకే ఇల్లు చూడండి. కుటుంబాన్ని అప్పటివరకు తీసుకెళ్ళకండి.

బియ్యం కార్డు రద్దు చేసుకోనక్కర్లేదు. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' కింద మీ వాటా అక్కడ తీసుకోవచ్చు, ఇంట్లోవారు తమ వాటా ఇక్కడ తీసుకోవచ్చు.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

*ఉన్న ఉద్యోగం మానేసి వెతకడం.* ఆఫర్ రాతలో వచ్చాకే రాజీనామా ఇవ్వండి. ఇప్పటికే మానేసి ఉంటే అనుభవ పత్రం, జీతం చీటీలు ఈ వారమే తెచ్చుకోండి.

*చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఇంకొకటి.* వెల్డరుగా పిలిచి హెల్పరుగా పెడితే మొదటి రోజే హెచ్ఆర్‌కు మెయిల్ లేదా వాట్సాప్‌లో రాయండి. నెల తర్వాత చెబితే ఒప్పుకున్నట్టే చూస్తారు.

*ఆఫర్ వచ్చి తేదీ వాయిదా పడటం.* రెండోసారి వాయిదా వేస్తే మిగతా సంస్థలతో మాటలు మళ్ళీ మొదలుపెట్టండి. చేరే రోజు వరకు ఏ తలుపూ మూయకండి.

*నలుగురు స్నేహితులు ఒకే సంస్థకు కట్టగా వెళ్ళడం.* ఒకడికి నచ్చక వెనక్కి బయల్దేరితే నలుగురూ వచ్చేస్తారు. ఒకే ఊరికి వెళ్ళండి, నిర్ణయం మాత్రం ఎవరిది వారే తీసుకోండి.

11. చేరిన మొదటి నెల

- మొదటి రోజు: గేటు పాస్, ఉద్యోగి నంబరు ఫోటో తీసి ఇంటికి పంపండి. బస చిరునామా, పక్క మంచం అతని నంబరు కూడా.
- మొదటి వారం: ఈఎస్ఐ నమోదులో భార్యాపిల్లలు, తల్లిదండ్రులు ఊళ్ళోనే ఉంటే వారికి ఆ ఊరికి దగ్గరలోని డిస్పెన్సరీ వేరుగా రాయించండి. అది మరిచిపోతే వైద్యం కోసం మీ దగ్గరికి రావాల్సి వస్తుంది. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదు, బదులుగా ఆరోగ్య బీమా ఉందా అడగండి.
- రెండో వారం: హాజరు మిషన్‌లో మీ రోజులు సరిగా పడుతున్నాయా చూసుకోండి.
- జీతం రోజు: చీటీ అడిగి తీసుకోండి. ఆఫర్ లెటర్ పక్కన పెట్టి బేసిక్, కోతలు అంకె అంకె పోల్చండి.
- పై నెల 20 తర్వాత: పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. యజమాని ప్రతి నెల చందా పై నెల 15లోపు కట్టాలి. మీ జీతంలో కోసిన పీఎఫ్ అక్కడ కనిపించకపోతే మరో నెల ఆగకుండా హెచ్ఆర్‌కు రాసి అడగండి. జవాబు రాకపోతే ఈపీఎఫ్‌వో ఫిర్యాదుల పోర్టల్‌లో, జీతం చీటీ జతచేసి, తెలిసినవారి సాయంతోనైనా సరే ఫిర్యాదు నమోదు చేయండి.